సౌరవిద్యుత్తు గిట్టుబాటు ఎవరికి?

ఇంటి డాబా మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకుంటే గిట్టుబాటవుతుందా అన్న ప్రశ్న ఈమధ్య మహిళా సంఘాల సమావేశాల్లో తరచుగా వినబడుతోంది. అడుగుతున్నది సభ్యులు మాత్రమే కాదు, పొదుపు సంఘాలతో పనిచేసే కార్యకర్తలు కూడా అడుగుతున్నారు. సభ్యులను ఒప్పించి, కాగితాలు నింపించి, అప్పు ఇప్పించే పని చివరకు వాళ్ళ నెత్తినే పడుతుంది కనుక ఆ ప్రశ్న సహజమే. దానికి వస్తున్న జవాబులన్నీ ఒకే రకం. ఇంత ఖర్చు, ఇంత సబ్సిడీ, ఇంత బిల్లు ఆదా, ఇన్నేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది. ఈ లెక్కలో తప్పేమీ లేదు. కాని ఇది ఎవరి లెక్క? బిల్లు కట్టే వ్యక్తి లెక్క. ఆ ఇంట్లో పగలంతా ఉండే మనిషి, కరెంటు పోతే పని ఆగిపోయే మనిషి ఇందులో ఎక్కడా లేదు.

ముందు ఆ బిల్లు లెక్కనే చూద్దాం. దాన్ని వదిలేసి మాట్లాడితే మన మాట ఎవరూ వినరు.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పి.ఎం. సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. కోటి ఇళ్ళు లక్ష్యం, కేటాయింపు 75,021 కోట్ల రూపాయలు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లు, ఆపైన 78,000 రూపాయలు సబ్సిడీ. మన ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్ళు సగటున రోజుకు నాలుగు యూనిట్లు, అంటే నెలకు 120 యూనిట్ల వరకూ ఇస్తాయి. మూడు కిలోవాట్ల ప్లాంటు రెండు లక్షలకు అటూ ఇటూ అవుతోంది. సబ్సిడీ పోను ఇంటివాళ్ళు పెట్టుకోవలసింది సుమారు లక్షా ఇరవై వేలు.

ఇప్పుడు రెండు ఇళ్ళను పక్కపక్కన పెట్టండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1 రూపాయి 90 పైసలు, 75 వరకూ 3 రూపాయలు, 125 వరకూ నాలుగున్నర, 225 వరకూ 6, 400 వరకూ 8 రూపాయల 75 పైసలు. నగరంలో ఏసీ, ఫ్రిజ్, గీజరు ఉన్న ఇల్లు నెలకు 400 యూనిట్లు వాడిందనుకుందాం. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు పక్కనపెడితే, వాడిన కరెంటుకు మాత్రమే 2,548 రూపాయలు. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 40 యూనిట్లకు మాత్రమే కట్టాలి, 87 రూపాయలు. ఏడాదికి 29,500 మిగులుతాయి. నాలుగేళ్ళు దాటగానే పెట్టుబడి చేతికొస్తుంది, ప్యానెళ్ళు ఇరవై అయిదేళ్ళు పనిచేస్తాయి. మధ్యలో ఒకటి రెండుసార్లు ఇన్వర్టరు మార్చవలసి రావచ్చు. ఇలాంటి ఇంట్లో ఉన్న పాఠకులు నన్ను అడిగితే సందేహం లేకుండా పెట్టించుకోమనే చెబుతాను. చేతిలో డబ్బుండి, డాబా తమదై ఉంటే బ్యాంకు డిపాజిట్ కంటే ఇదే మేలు.

రెండో ఇల్లు. రెండు ఫ్యాన్లు, మూడు బల్బులు, ఒక టీవీ. నెలకు 60 యూనిట్లు. వాడిన కరెంటుకు బిల్లు 147 రూపాయలు. సంవత్సరానికి 1,764. ఈ ఇంటి మీద ఒక కిలోవాట్ పెట్టడానికి సబ్సిడీ పోను ఇంకా సుమారు నలభై వేలు కావాలి. అది అప్పే కదా! ఏడు శాతం వడ్డీకి దొరికిందనుకున్నా మొదటి ఏడాది వడ్డీయే 2,800 రూపాయలు. ఆదా అయ్యే మొత్తం వడ్డీకి కూడా చాలదు. మిగిలిన యూనిట్లు డిస్కం కొంటుంది కదా అంటారు. కొంటుంది, మనకు అమ్మే ధరకు కాదు. ఆ నాలుగు రూపాయలు కలుపుకున్నా పదేళ్ళ పైమాటే. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద తెల్లకార్డు ఇళ్ళకు 200 యూనిట్ల వరకూ బిల్లే లేదు. అక్కడ ఈ ప్యానెళ్ళు ఆదా చేసేది సున్నా.

అంటే ఒకే సబ్సిడీ, రెండు ఫలితాలు. ఎంత ఎక్కువ కాలిస్తే అంత లాభం. ఎంత పొదుపుగా వాడితే అంత నష్టం. పేదలకు ఉచిత కరెంటు అన్న పేరుతో వచ్చిన పథకంలో ప్రజాధనం ఎటు ప్రవహిస్తుందో ఈ శ్లాబులే చెబుతున్నాయి. పైగా పెద్ద వాడకందార్లు కట్టే ఎక్కువ చార్జీల నుంచే చిన్న వాడకందార్ల చౌక శ్లాబుకు కొంత వస్తుంది. వాళ్ళు గ్రిడ్ బిల్లు నుంచి తప్పుకుంటే ఆ లోటు ఎవరి మీద పడుతుందన్నది విడిగా చర్చించవలసిన సంగతి.

దళిత, ఆదివాసీ కుటుంబాల ఇళ్ళ మీద రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెబుతోంది. ఉచితం కనుక అప్పు బాధ లేదు, మంచిదే. కాని ఆ కుటుంబాలకు 200 యూనిట్ల వరకూ ఉచిత కరెంటు ముందునుంచీ ఉంది. కనుక ఈ ప్యానెళ్ళతో మొదట తగ్గేది ప్రభుత్వం భరిస్తున్న ఖర్చు. ఆ తర్వాతే ఇంటివాళ్ళకు ఏమన్నా మిగిలేది. కప్పు మాత్రం వాళ్ళది.

కప్పు అన్నాను కనుక ఆ విషయం కొంచెం నిలబడి మాట్లాడాలి. ఒక కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల జాగా కావాలి. ప్లాంటు పెట్టేవాళ్ళ కాగితాల్లో డాబాను 'ఖాళీ స్థలం' అని రాస్తారు. డాబా ఎవరికి ఖాళీ? మిరపకాయలు, చింతపండు, వడియాలు, అప్పడాలు ఎండేది అక్కడ. బట్టలు ఆరేది అక్కడ. ఎండాకాలం రాత్రి పిల్లలను వేసుకుని పడుకునేది అక్కడ. ఊరగాయలు పెట్టి అమ్ముకునే స్త్రీలకైతే అది కార్ఖానా. కాస్త ఎత్తున ఇనుప చట్రం వేస్తే కింద జాగా మిగులుతుంది. దానికి అదనంగా డబ్బు అడుగుతారు, ఆ అదనం అనవసరమని ఇంటి మగవాళ్ళు తేల్చేస్తారు. చట్రం ఎత్తు ఎంత ఉండాలో ఇంట్లో ఆడవాళ్ళను అడిగిన సందర్భం నేను తిరిగిన ఊళ్ళలో ఎక్కడా చూడలేదు. ఇక ప్యానెళ్ళ మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. వాటిని కడగాలి. నీళ్ళు పైకి మోసి కడిగేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, అదే పని చేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. ప్యానెళ్ళు కడగడం ఏ ఖాతాలో చేరుతుందో ఊహించుకోవచ్చు.

సబ్సిడీ ఎవరి ఖాతాలో పడుతుందో మాత్రం ఊహించుకోనక్కరలేదు. కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ళే దరఖాస్తు పెట్టాలి, డబ్బు వాళ్ళకే వస్తుంది. మన ఊళ్ళలో మీటర్లు ఎవరి పేరున ఉన్నాయో ఒక్క వీధి తిరిగితే తెలుస్తుంది. భర్త, మామ, ఒక్కోసారి చనిపోయి పదేళ్ళయిన తాత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఒంటరిగా గాని ఉమ్మడిగా గాని ఇల్లో భూమో తమ పేరున ఉందని చెప్పిన స్త్రీలు దేశం మొత్తం మీద 43 శాతం. ఆ 'ఉమ్మడి'లో ఎంత అధికారం ఉందన్నది వేరే ప్రశ్న. విడిగా ఉంటున్న స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ, అత్తవారి పేరున ఉన్న ఇంట్లో నివసించే వితంతువు దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. అద్దె ఇళ్ళవాళ్ళ మాట చెప్పనే అక్కరలేదు. అప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంఘం సభ్యురాలి సంతకం కావాలి! ప్లాంటు మామగారి పేరున, వాయిదా కోడలి పేరున. 2010లో సూక్ష్మరుణ సంస్థల వేధింపులు మన రాష్ట్రంలో ఎంత దూరం వెళ్ళాయో చూసినవాళ్ళం, ఈ ఏర్పాటును తేలికగా తీసుకోలేం.

ఇక బ్యాటరీ. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కోస్తాలో ఒక మండల కేంద్రంలో బట్టలు కుట్టి బతికే ఒకావిడ ఇంటిమీద ప్యానెళ్ళు ఉన్నాయి. పెట్టేటప్పుడు ఆవిడ అనుకున్నది ఒక్కటే, ఇక కరెంటు పోయినా మిషను ఆగదని. గాలివానకు లైన్లు తెగాయి. మర్నాడు ఎండ కాసింది. ఇంట్లో కరెంటు లేదు. "పైన ఎండ మండిపోతోంది, కింద మిషను ఆగిపోయింది. మరి ఎందుకు పెట్టినట్టు?" అని అడిగింది. పెట్టినవాళ్ళు ఆవిడకు ఈ సంగతి చెప్పలేదు. గ్రిడ్‌కు కలిపిన మామూలు ప్లాంటు, లైన్లో కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోతుంది. తప్పనిసరిగా అలాగే తయారుచేస్తారు, లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటేనే కోతల్లో వెలుతురు. ఆ బ్యాటరీకి సూర్యఘర్‌లో సబ్సిడీ లేదు.

విడిగా బ్యాటరీ కొంటే ఎంత? మన ఇళ్ళలో ఇన్వర్టర్లకు వాడే 150 ఆంపియర్ అవర్ సీసం బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు నిలవ ఉంటుంది. పాడు కాకుండా వాడుకోగలిగేది రోజుకు ఒక యూనిట్ అనుకోండి. ఒక కుట్టుమిషను, ఒక ఫ్యాను, ఒక బల్బు అయిదు గంటలు నడుస్తాయి. ధర పదిహేను వేల చుట్టుపక్కల. నాలుగేళ్ళు బతికితే గొప్ప, అదీ నెలనెలా డిస్టిల్డ్ వాటరు పోస్తూ చూసుకుంటే. రోజూ ఒక యూనిట్ తీసినా నాలుగేళ్ళకు 1,460 యూనిట్లు. అంటే నిలవ చేసినందుకే యూనిట్‌కు పది రూపాయలు. గ్రిడ్‌లో రెండు మూడు రూపాయలకు దొరికే దానికి! లిథియం బ్యాటరీ పదేళ్ళు వస్తుంది, నీళ్ళు పోసే పని లేదు, కాని మొదట పెట్టవలసిన డబ్బు రెండు మూడు రెట్లు. కనుక బిల్లు లెక్కలో బ్యాటరీ ఎప్పటికీ గిట్టుబాటు కాదు. నిపుణులు అదే చెబుతున్నారు, ఆ మేరకు నిజమే చెబుతున్నారు.

కాని బ్యాటరీ విలువను యూనిట్ ధరతో కొలవడం ఏమిటి? కరెంటు పోయిన రాత్రి ఏమి ఆగిపోతుందో దానితో కొలవాలి. రేపటికి ఇస్తానన్న జాకెట్లు ఆగిపోతే ఆ రోజు కూలి పోతుంది. ఉబ్బసం ఉన్న పిల్లకు నెబ్యులైజర్ ఆగిపోతుంది. ఇన్సులిన్ చెడిపోతుంది. పచ్చి బాలింత చీకట్లో ఉక్కపోతలో కూర్చుంటుంది. వంటపని ముగించి రాత్రి పదింటికి పుస్తకం పట్టే ఆడపిల్లకు ఆ గంటే చదువు. పగలు చదువుకునే వీలున్న మగపిల్లవాడికి అది పెద్ద నష్టం కాదు. మరుగుదొడ్డి పెరట్లో ఉన్న ఇంట్లో చీకటి అంటే ఏమిటో స్త్రీలకు చెప్పాలా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్ళు లేవు, నీళ్ళు లేకపోతే బిందె ఎవరి నడుము మీదికి వస్తుంది?

కనుక చిన్న బిల్లు ఇళ్ళలో స్త్రీలకు కావలసింది నాలుగు గంటల నమ్మకమైన కరెంటు. ప్రభుత్వం సబ్సిడీ ఇస్తున్నది ఏసీ బిల్లు తగ్గించే ప్యానెళ్ళకు. పథకం తయారుచేసిన బల్ల దగ్గర ఈ స్త్రీలు ఎవరూ లేరు, అంతే.

అయితే ఇంటింటికీ బ్యాటరీ ఇవ్వాలని మనం డిమాండ్ చెయ్యాలా? నేను అలా అనను. బీహార్ జెహానాబాద్ జిల్లాలో ధర్నాయీ అనే ఊరు ఉంది. 2014లో గ్రీన్‌పీస్ చొరవతో అక్కడ వంద కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ బ్యాటరీలతో సహా పెట్టారు. దేశమంతా రాశారు. చూడడానికి వచ్చిన మాజీ ముఖ్యమంత్రినే ఊరివాళ్ళు "మాకు అసలు కరెంటు కావాలి" అని అడిగారు. ఫ్రిజ్ పెట్టుకోనివ్వని కరెంటు, గ్రిడ్ కంటే ఖరీదైన కరెంటు వాళ్ళకు రెండో రకం కరెంటుగా తోచింది. తర్వాత గ్రిడ్ వచ్చింది. కొన్నేళ్ళకే బ్యాటరీలు చచ్చిపోయాయి, ప్లాంటు ఉన్న చోట పశువులను కట్టేశారు. ధర్నాయీని చూపించి సోలార్ పనికిరాదనేవాళ్ళున్నారు. నాకు అందులో కనిపించేది వేరు. బ్యాటరీ మార్చడానికి డబ్బు ఎవరు దాచాలి, పాడైతే ఎవరు బాగుచెయ్యాలి అన్నది మొదటిరోజే తేల్చని ఏ ఏర్పాటైనా నాలుగో ఏట కొట్టం అవుతుంది. రాజస్థాన్ తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీ చదువు రాని పల్లెటూరి స్త్రీలకే సోలార్ పరికరాలు బిగించడం, బాగుచెయ్యడం నేర్పుతోంది. నేర్పితే వస్తుంది. మనవాళ్ళకు నేర్పేది మాత్రం సంతకం పెట్టడం దగ్గరే ఆగిపోతోంది.

ఇంకో భయం కూడా ఉంది. చచ్చిన సీసం బ్యాటరీ ఎక్కడికి పోతుంది? పాత సామాన్లవాడికి. వాడు ఊరి చివర పగలగొట్టి, యాసిడ్ కాలవలో పోసి, సీసం కరిగిస్తాడు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కు తీసుకుని సవ్యంగా శుద్ధి చేయించే బాధ్యత తయారీదారుదే. పాత సామాన్లవాడు నాలుగు డబ్బులు ఎక్కువిస్తే ఆ నిబంధన కాగితం మీదే ఉంటుంది. సీసం ఇంత మోతాదు వరకూ ఫరవాలేదన్న హద్దు పిల్లల విషయంలో లేదు. తల్లి ఎముకల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న సీసం గర్భం దాల్చినప్పుడు రక్తంలోకి దిగి పిండానికి చేరుతుంది. ఒక ఇంటి స్త్రీ వెలుతురు కోసం ఇంకో వాడలోని స్త్రీ కడుపులోకి సీసం పోవడాన్ని మనం హక్కు అనలేం.

నేను అనేది ఇది. బ్యాటరీ మీద ప్రజాధనం ఖర్చుపెట్టాలి, కాని ఇంటింటికీ కాదు, పదిమందీ వాడే చోట్ల. అంగన్‌వాడీ, ఉపకేంద్రం, మంచినీళ్ళ మోటారు, ఆడపిల్లల హాస్టలు, మహిళా సంఘం భవనం. అక్కడ లిథియం బ్యాటరీ పెట్టండి, దాన్ని మార్చే నిధిని మొదటిరోజే బడ్జెట్‌లో చూపించండి, నిర్వహణకు ఇద్దరు స్త్రీలకు శిక్షణ ఇచ్చి జీతం ఇవ్వండి. గౌరవ వేతనం కాదు, జీతం. సంఘం భవనంలో నాలుగు మిషన్లు, ఒక ఫ్రిజ్, నెబ్యులైజరు, పిల్లలు చదువుకునే గది ఉంటే, తుఫాను రాత్రి ఆ ఊరికి కావలసింది చాలావరకూ అక్కడ దొరుకుతుంది. ఇంట్లో రోగి ఉన్న కుటుంబాలకు, లైన్లు తరచుగా తెగే ఏజెన్సీ గూడేలకు మాత్రం విడిగా చిన్న లిథియం బ్యాటరీ ఇవ్వాలి, ఉచితంగానే.

అంతవరకూ సంఘాల కార్యకర్తలు సభ్యులకు చెప్పవలసినది నా దృష్టిలో సూటిగా ఉంది. నెలకు 75 యూనిట్ల లోపు వాడే ఇంటికోసం సోలార్ అప్పు తీసుకోవద్దని చెప్పండి, టార్గెట్ ఎంత ఉన్నా సరే. ఉచితంగా పెడతామంటే చట్రం ఎత్తు అడగండి, కప్పు కారితే ఎవరు బాగుచేస్తారో రాయించుకోండి. అప్పు మీద స్త్రీ సంతకం ఉంటే మీటరు, ప్లాంటు, సబ్సిడీ ఖాతా మూడింటిలోనూ ఆమె పేరు ఉండాలి. కోతల్లో వెలుతురు కోసమే అయితే ప్యానెళ్ళ జోలికి పోకుండా చిన్న ఇన్వర్టరు, బ్యాటరీ చాలు. అది గ్రిడ్ మీదే చార్జి అవుతుంది, పాతిక వేల లోపు అయిపోతుంది. తెలంగాణలో మహిళా సంఘాల చేత 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామన్న ప్రణాళికకు కూడా ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. అప్పు ఎవరిది, భూమి ఎవరిది, యూనిట్ ధర ఎన్నేళ్ళకు ఖాయం?

ఇవన్నీ ఎవరి ముందు చెప్పాలి? 2000 సంవత్సరంలో కరెంటు చార్జీలు పెంచినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆనాడు కరెంటు అందరి సమస్య. ఇవాళ ఎవరి డాబా వాళ్ళది, ఎవరి లెక్క వాళ్ళది అన్నట్టు తయారైంది. అయితే ఒక తలుపు తెరిచే ఉంది. డిస్కంలు ఏటా తమ ఖర్చుల లెక్కలు విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెట్టాలి. శీతాకాలంలో అభ్యంతరాలు పిలుస్తారు, బహిరంగ విచారణ జరుగుతుంది, ఏప్రిల్ నుంచి కొత్త టారిఫ్ అమలవుతుంది. అభ్యంతరం ఎవరైనా రాసి ఇవ్వవచ్చు, విచారణలో నిలబడి మాట్లాడవచ్చు. పరిశ్రమల ప్రతినిధులు వస్తారు, రైతు సంఘాలు వస్తాయి, పార్టీల వాళ్ళు వస్తారు. నేను వెళ్ళిన రెండు విచారణల్లోనూ మహిళా సంఘం తరఫున ఎవరూ లేరు. వచ్చే విడతకు జిల్లాకు ఒక అభ్యంతర పత్రమైనా పంపుదాం. అందులో మొదటి ప్రశ్న, మీటర్లలో స్త్రీల పేరున ఉన్నవి ఎన్నో డిస్కం వారీగా చెప్పమని.